పక్క విశ్వం దాకా ఎందుకు

"సైన్సు వాళ్లు ఇవాళ తంటాలు పడి కనుక్కుంటున్నది మన పెద్దలు ఎప్పుడో చెప్పేశారు" అనే మాటకు మన సభల్లో చప్పట్లు ఖాయం. పోయిన ధనుర్మాసంలో కడపలో ఒక ప్రవచనానికి వెళితే అక్కడా అదే జరిగింది. భాగవతం పదో స్కంధంలో బ్రహ్మ కృష్ణుణ్ణి స్తుతించే ఘట్టం నడుస్తోంది. ఏడు జానల ఒంటితో ఒక్క అండంలో పడి ఉన్న నేనెక్కడ, కిటికీలోంచి ధూళికణాలు వచ్చిపోయినట్టు లెక్కలేనన్ని అండాలు ఎవరి రోమకూపాల్లో తిరుగుతుంటాయో ఆ నువ్వెక్కడ అంటాడు బ్రహ్మ. వక్త శ్లోకం చక్కగా చదివారు, అర్థం ఇంకా చక్కగా చెప్పారు. ఆ వెంటనే "దీన్నే ఇప్పుడు మల్టీవర్స్ అంటున్నారు" అన్నారు. మన విశ్వం కాక ఇంకా ఎన్నో విశ్వాలుండవచ్చన్న సైన్సు ఊహకు అది పేరు. చప్పట్లు మోగాయి.

శ్లోకానికి ఒళ్లు పులకరించింది. చప్పట్లకు చిరాకేసింది. ఇంటికొచ్చాక కూడా ఆ చిరాకు వదల్లేదు. దేవుడి మీద నమ్మకం లేక కాదు, సైన్సు మీద గౌరవం తక్కువై అంతకన్నా కాదు. ఎదురెదురుగా నడిచే ఇద్దరిని పట్టుకొని "ఒకే ఊరికి వెళుతున్నారు" అన్నట్టు తోచింది, అంతే.

పెరిగేదీ తరిగేదీ

పురాణాల్లో ఈ అనేక బ్రహ్మాండాల మాట ఎక్కడ వస్తుందో గమనించండి. ఎవరో ఒకరి గర్వం అణగాల్సిన చోట వస్తుంది. పైన చెప్పిన ఘట్టంలో బ్రహ్మ దూడలనూ గోపబాలురనూ దాచి భంగపడి వచ్చి ఉన్నాడు. బ్రహ్మవైవర్తంలో ఇంద్రుడు విశ్వకర్మ చేత ఎంత కట్టించినా తృప్తి లేని భవనం కట్టించుకుంటున్నప్పుడు విష్ణువు బాలుడి వేషంలో వస్తాడు. నేల మీద బారులు తీరిన చీమలను చూసి నవ్వుతాడు. ఎందుకు నవ్వావంటే, వీటిలో ప్రతి ఒక్కటీ ఒకప్పుడు ఇంద్రుడే అంటాడు. ఎన్ని బ్రహ్మాండాలు, ఒక్కో బ్రహ్మాండానికి ఎందరు ఇంద్రులు, ఎవరు లెక్కపెట్టగలరు అని అడుగుతాడు. భాగవతం ఆరో స్కంధంలో చిత్రకేతువు స్తుతిలోనూ ఇదే ధోరణి. ఒకదానికంటే ఒకటి పదింతలుగా ఏడు పొరలు కప్పుకున్న ఈ అండం, ఇలాంటి కోటానుకోట్ల అండాలతో కలిసి నీలో అణువులా తిరుగుతోంది, అందుకే నువ్వు అనంతుడివి అంటాడు. అండాల సంఖ్య ఎంత పెరిగితే నాయకుడు అంత పెద్దవాడవుతాడు.

భౌతికశాస్త్రంలో ఈ లెక్క వచ్చిన దారి వేరు. ఈ విశ్వం మనలాంటి వాళ్లు పుట్టడానికి అనుమానం కలిగేంత అనువుగా ఉందన్న గమనింపు నుంచి ఆ దారి మొదలవుతుంది. నక్షత్రాల్లో కార్బన్ తగినంత తయారవాలంటే కార్బన్ కేంద్రకానికి ఫలానా చోట ఒక శక్తిస్థాయి ఉండి తీరాలని 1953లో ఖగోళశాస్త్రజ్ఞుడు ఫ్రెడ్ హోయిల్ లెక్కగట్టి చెబితే, అమెరికాలో ప్రయోగం చేసి చూశారు, ఉంది. మతాన్ని ఏనాడూ నెత్తిన పెట్టుకోని హోయిల్, ఎవరో మహామేధావి భౌతికశాస్త్రంతో ఆడుకున్నట్టుందనే అర్థం వచ్చేలా తరవాత రాశాడు. ఇంకా పెద్ద చిక్కు శూన్యానికి, అంటే ఉత్త ఖాళీ చోటుకు, ఉండే శక్తి. విశ్వాన్ని సాగదీసే శక్తి అది. సిద్ధాంతం ప్రకారం ముతకగా లెక్కేస్తే వచ్చే విలువ కంటే నిజంగా కనిపించే విలువ 1 పక్కన 120 సున్నాలు పెట్టినన్ని రెట్లు తక్కువ. అంత తక్కువ కాకపోయి ఉంటే గెలాక్సీలు కూడేవి కావు. కడపా ఉండేది కాదు, ప్రవచనమూ ఉండేది కాదు.

ఇంత అమరిక ఎలా వచ్చిందంటే, ఎవరో అమర్చారన్నది ఒక జవాబు. రకరకాల విలువలతో లెక్కలేనన్ని విశ్వాలున్నాయి, జీవం పుట్టగలిగిన చోటే జీవం పుట్టి ఆశ్చర్యపోతోందన్నది మరో జవాబు. ఈ రెండో జవాబులో విశ్వాల సంఖ్య ఎంత పెరిగితే, అమర్చేవాడి అవసరం అంత తగ్గుతుంది. పురాణం అంకెలు పేర్చింది నాయకుణ్ణి పెద్దచేయడానికి. భౌతికశాస్త్రజ్ఞుల్లో కొందరికి ఆ అంకెల అక్కర పడింది నాయకుడు లేకుండా గడవడానికి. ఒకటి మరొకదాన్ని రుజువు చేసిందని చప్పట్లు కొడితే రెండింటినీ సరిగ్గా వినలేదనే అర్థం.

అలాగని అనేక విశ్వాలంటేనే దేవుడికి గండమన్న భయమూ అక్కరలేదు. 1277లోనే పారిస్ బిషప్ ఎతియెన్ తాంపియే, ఆదికారణం అనేక లోకాలను సృష్టించజాలదనే వాదాన్ని నిషిద్ధ వాదాల జాబితాలో చేర్చాడు. ఒక్కటే చేయగలడంటే దేవుడి శక్తికి హద్దు పెట్టినట్టే కదా అన్నది ఆయన కోపం. ఎన్ని విశ్వాలన్న అంకెతో ఏ దేవుడికీ పెద్దగా పేచీ లేదు. ఆ అంకెను ఏ పనికి వాడుతున్నామన్న దగ్గరే పేచీ.

నీళ్లు పడిన బోరు

మా చిన్నాయనకు పులివెందుల వైపు చీనీ తోట ఉంది. ఆ వైపు బోరు వేయించడమంటే ఏమిటో అక్కడివాళ్లకు చెప్పనక్కరలేదు. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని చేనంతా తిరిగే మనిషి వస్తాడు. కాయ నిలబడిన చోట పాయింటు పెడతారు. టెంకాయ కొట్టి, పూజ చేసి, బోరు బండిని పిలుస్తారు. ఆరేడు వందల అడుగులు పోయినా దుమ్ము తప్ప తడి రాదు. అప్పు మిగులుతుంది. ఇంకో పాయింటు, ఇంకో అప్పు. చిన్నాయనకు ఆఖరికి ఒక బోరులో రెండు ఇంచుల నీళ్లు పడ్డాయి. ఆ బోరు పక్కన గట్టు కట్టించి వెంకటేశ్వరస్వామి పటం పెట్టాడు. ఎవరొచ్చినా చూపించి, "నాలుగడుగులు అటు వేసినా ఇటు వేసినా దుమ్మే లేచేది, స్వామే చూపించినాడు" అంటాడు.

చిన్నాయన మాటా, విశ్వం అమరికను చూపి దేవుణ్ణి నిరూపించే పండితుడి మాటా అచ్చంగా ఒకటే. దానికి ఎవరైనా ఇచ్చే జవాబు కూడా ఒకటే. చుట్టుపక్కల ఊళ్లలో ఎన్ని బోర్లు వేశారు? ఎక్కడో ఒకచోట పడక తప్పదు. పడనివాళ్లు చేను అమ్ముకొని బెంగళూరులో కూలిపనికి పోయారు, కథ చెప్పడానికి ఇక్కడ లేరు. పడినవాడే అన్నదానం పెట్టి కథ చెబుతాడు. అనేక విశ్వాల వాదానికి ఉన్న బలమంతా ఇదే, తక్కువ బలమేమీ కాదు. 1987లో భౌతికశాస్త్రజ్ఞుడు స్టీవెన్ వైన్‌బర్గ్ ఈ తరహాలోనే ఆలోచించాడు. గెలాక్సీలు కూడాలంటే శూన్యశక్తి ఒక మేరకు మించకూడదు, అలాగని సున్నా కావలసిన పనీ లేదు, కాబట్టి చిన్నదే అయినా ఎంతో కొంత కనిపించవచ్చని అంచనా వేశాడు. 1998లో దూరపు సూపర్‌నోవాలను పరిశీలించిన రెండు బృందాలు విశ్వ విస్తరణ వేగం పెరుగుతోందని తేల్చాయి. ఆ వేగాన్ని పెంచేది శూన్యశక్తే అనుకుంటే, అది ఎంతో కొంత ఉన్నట్టే. ఊరికే గాలిలో మేడలు కట్టే ఆలోచనైతే ఇలా జరగదు.

కానీ అదే 1987లో తత్వవేత్త ఇయాన్ హ్యాకింగ్ ఒక మెలిక పెట్టాడు. ఆయన పాచికల ఆటతో చెప్పిన దాన్ని నేను బోరుతోనే చెబుతాను. చిన్నాయన బోరులో నీళ్లు పడ్డాయన్న ఒక్క సంగతి చూసి, "అయితే ఊళ్లో వేల బోర్లు వేసి ఉంటారు" అనగలమా? అనలేం. మొదటి దెబ్బకే పడి ఉండవచ్చు. ఊళ్లో ఎండిన బోర్లున్నాయని నాకు తెలిసింది చిన్నాయన బోరును చూసి కాదు, ఆ ఎండిన బోర్లను కళ్లారా చూసి. పక్క విశ్వాలను అలా ఎవరూ చూడలేదు. ఈ విశ్వం అమరిక ఒక్కదాన్నే సాక్ష్యంగా పెట్టుకొని పక్క విశ్వాలను నమ్మడం, అదే సాక్ష్యంతో దేవుణ్ణి నమ్మడం కంటే ఎక్కువ శాస్త్రీయమేమీ కాదు.

దీనికి భౌతికశాస్త్రజ్ఞుల దగ్గర జవాబు ఉంది. ఆ విశ్వాలను మేము అమరిక కోసం పుట్టించలేదంటారు. ఆకాశంలో ఎటు చూసినా ఉష్ణోగ్రత దాదాపు ఒకటే ఎందుకుందనేలాంటి ప్రశ్నలకు జవాబుగా 1981లో అలాన్ గుత్ తొలి క్షణాల మహా విస్తరణను ప్రతిపాదించాడు. ఆ విస్తరణ ఒకచోట ఆగినా మరోచోట సాగుతూనే ఉంటుందనీ, ఆగిన ప్రతిచోటా ఒక విశ్వం తేలుతుందనీ విలెంకిన్, లిండే లెక్కలు చూపించారు. బోరు బండి యజమాని పద్దు పుస్తకం దొరికినట్టన్నమాట. పుస్తకం నమ్మదగినదా కాదా అన్నది వేరే తగువు, ఆ తగువు ఇంకా తెగలేదు. కానీ ఆ పుస్తకం ఉన్నంతకాలం "నాలుగడుగులు అటైతే దుమ్మే" అన్న వాదనతో దేవుణ్ణి నిలబెట్టడం కష్టం. ఆ వాదన పోతే పోనీ అంటాను నేను. దాని మీదే నిలబడిన దేవుడు, ఎవరైనా ఇంకో పద్దు పుస్తకం చూపించేదాకానే నిలబడతాడు.

విశ్వాసం ఎటు మొగ్గితే అటు కాదు

విశ్వాసులంతా మల్టీవర్స్‌కు వ్యతిరేకులు, నాస్తికులంతా అనుకూలురు అనుకుంటాం. స్టీఫెన్ హాకింగ్‌తో కలిసి పనిచేసినవాళ్లనే ఇద్దరిని చూడండి. డాన్ పేజ్ గట్టి క్రైస్తవ విశ్వాసి. దేవుడు సొగసైన నియమాలను ఎంచుకొని వాటి నుంచి అసంఖ్యాకంగా విశ్వాలు పుట్టనిచ్చి ఉంటే అందులో వింతేముంది అంటాడు. జార్జ్ ఎల్లిస్ క్రైస్తవంలోని క్వేకర్ శాఖకు చెందిన విశ్వాసి, హాకింగ్‌తో కలిసి 1973లో పుస్తకం రాసినవాడు. పరీక్షించే వీలు లేని విశ్వాలను సైన్సు పేరుతో నమ్మమనడం తగదంటాడు. భక్తిలో ఇద్దరికీ లోటు లేదు, అభిప్రాయాలు మాత్రం ఎడమొహం పెడమొహం. నాకు ఎల్లిస్ వైపే కొంచెం మొగ్గు, దానికి కారణం మాత్రం దేవుడు కాదు.

ఇక కెనడాకు చెందిన క్లాస్ క్రే వంటి తత్వవేత్తలది మరో దారి. సంపూర్ణుడైన దేవుడు సృష్టించదగిన ప్రతి విశ్వాన్నీ సృష్టిస్తాడు, మనది వాటిలో ఒకటి, ఇక్కడ ఇంత దుఃఖం ఉన్నా తూకంలో మేలు వైపు మొగ్గితే చాలు, సృష్టించదగినదే అవుతుంది. కాగితం మీద ఈ వాదనకు వంక పెట్టడం కష్టం. కానీ ఆసుపత్రి వరండాలో నిలబడి ఎవరికీ చెప్పలేం. మన దగ్గర ఈ బరువు మోసేది కర్మ సిద్ధాంతం. అదైనా ఓదార్చడానికి పనికొచ్చిన దానికంటే నోరు మూయించడానికే ఎక్కువ పనికొచ్చిందని నా అనుమానం.

పక్క మంచం

సృష్టించినవాడి గురించి ఇంతసేపు మాట్లాడాను. నిజానికి ఈ జిల్లాలో గుడికి వెళ్లేవాళ్లలో ఎంతమంది సృష్టికర్త కోసం వెళతారు? శూన్యశక్తి విలువ సరిగ్గా పెట్టినందుకు ఎవరూ తలనీలాలివ్వరు. వెళ్లేది, చెబితే వింటాడని. మా జేజి, అంటే మా అవ్వ, దేవుని కడప గుడిలో "అఖిలాండకోటి బ్రహ్మాండనాయకా" అని దండం పెట్టి, ఆ వెంటనే తప్పిపోయిన గేదె సంగతి చెప్పుకునేది. కోట్ల బ్రహ్మాండాలు నడిపేవాడికి గేదె పని చెప్పడంలో ఆమెకు ఏ ఇబ్బందీ కనిపించలేదు.

మల్టీవర్స్ నన్ను నిజంగా తడబెట్టింది ఇక్కడే. 1957లో భౌతికశాస్త్రజ్ఞుడు హ్యూ ఎవరెట్ ప్రతిపాదించిన దాని ప్రకారం, క్వాంటం స్థాయిలో, అంటే అణువులకూ చిన్న కణాల స్థాయిలో, జరగగలిగిన ప్రతిదీ కొమ్మల్లా చీలే విశ్వంలో ఏదో ఒక శాఖలో జరుగుతుంది. గుత్ దారిలో పోయినా, చోటు అనంతమైతే పదార్థం అమరే తీరులు మళ్లీ మళ్లీ రాక తప్పదు. అంటే రోగి బతికిన లోకమూ ఉంది, బతకని లోకమూ ఉంది. రెండూ జరిగి తీరేటప్పుడు "బతికించు స్వామీ" అన్న మొరకు అర్థమేమిటి? దేవుడు ఆలకించి చేసేదేమిటి? మొక్కు తీర్చుకునే నేను, తీర్చుకునే భాగ్యం లేని మరో నాకు ఏం సమాధానం చెప్పుకోవాలి? సృష్టికర్తకు అనేక విశ్వాలు బరువు కాదు. ఆలకించేవాడికే బరువు.

కొన్నాళ్లు ఇది పెద్ద ప్రశ్నే అనుకున్నాను. తరవాత మా తమ్ముడి జ్వరం గుర్తొచ్చింది. చిన్నప్పుడు వాడికి మెదడువాపు వచ్చి ఆసుపత్రిలో ఉంచారు. జేజి దేవుని కడప స్వామికి మొక్కుకుంది. పక్క మంచం మీద వాడి ఈడు పిల్లే ఉండేది. వాళ్లమ్మ పెద్ద దర్గాకు మొక్కుకుంది. అదే వార్డు, అవే మందులు, ఒకరినొకరు ఓదార్చుకుంటూ ఇద్దరు ఆడవాళ్లు. తమ్ముడు ఇంటికొచ్చాడు. ఆ పిల్ల రాలేదు.

ఇందులో ఎవరెట్ లేడు, శాఖలు లేవు. ఒకే విశ్వం, ఒకే గది, రెండు మంచాల మధ్య నాలుగడుగుల ఎడం. మొర విన్న లోకమూ, వినని లోకమూ అప్పటికే పక్కపక్కన ఉన్నాయి. కనిపించని శాఖలో బతకని తమ్ముణ్ణి ఊహించుకొని నేను వేసుకున్న ప్రశ్నలన్నీ ఆ వార్డులో ఎప్పుడో అడగవలసినవి. అనేక విశ్వాలు వాటికి కొత్తగా చేర్చింది దూరం తప్ప ఇంకేమీ లేదు. నా ఉద్దేశంలో మల్టీవర్స్ దేవుడికి తెచ్చిన కొత్త చిక్కు అంటూ లేదు. పాత చిక్కునే మనం పక్క మంచం వైపు చూడకుండా పక్క విశ్వం దాకా వెళ్లి వెతుక్కుంటున్నాం.

జేజి మాత్రం చూసింది. తమ్ముడికి గుండు కొట్టించి తిరిగి వస్తూ దర్గా దగ్గర ఆగి, ఆ పిల్ల పేరున చక్కెర చదివించింది. "మన మొక్కు గట్టిది" అని ఆమె ఎన్నడూ అనలేదు. ఎవరైనా అనబోతే కసురుకునేది. తమ్ముడు ఎందుకు బతికాడు, ఆ పిల్ల ఎందుకు పోయిందన్న దానికి జవాబుగా ఆమె దేవుణ్ణి వాడుకోలేదు. తన సంతోషమూ, ఆ తల్లి దుఃఖమూ తీసుకెళ్లి చెప్పుకోవడానికి ఒక చోటు కావలసి వచ్చింది, రెండు చోట్లకూ వెళ్లింది.

పోతన మా ఒంటిమిట్ట వాడా, బమ్మెర వాడా అన్న పోట్లాటలోకి ఇప్పుడు దిగను గానీ, ఆయన గజేంద్రుడు గొప్ప సాక్షి. "లోకంబులు లోకేశులు లోకస్థులు" అందరూ అంతమైన తరవాత పెంజీకటికి అవతల వెలిగేవాణ్ణి సేవిస్తానంటాడు. లోకాలు ఎన్నైనా కానీ, అవన్నీ లెక్కలోంచి తీసేసి అడుగుతున్నాడు. ఆ కాసేపటికే "కలఁడు గలఁడనెడివాఁడు గలఁడో లేఁడో" అంటాడు. అనుమానపడుతూనే పిలవడం ఆపడు. ప్రవచనంలో ఈ పద్యానికి ఎవరూ చప్పట్లు కొట్టరు, ఇందులో సైన్సు ముందే చెప్పినదేమీ లేదు కాబట్టి.

ఈ వాదనంతా ఇంటర్‌లో మాకు ఫిజిక్స్ చెప్పిన సార్‌కు వినిపించాను. ఆయన దేవుణ్ణి నమ్మరు, కానీ భాగవతం పద్యాలు నాకంటే ఎక్కువ వచ్చు. మొత్తం విని, "బాగుంది నాయనా. ఒక్క విశ్వమైనా నీ దేవుడు సరిపోతాడు, కోటి ఉన్నా సరిపోతాడు. పిల్లాడు బతికినా సరిపోతాడు, పోయినా సరిపోతాడు. ఏది జరిగినా సరిపోయేవాడు ఉంటే ఏమి, లేకుంటే ఏమి?" అన్నారు.

లోకం తీరు చెప్పడానికైతే తేడా లేదు సార్ అన్నాను. మా జేజి దర్గా దగ్గర ఆగడానికి మాత్రం తేడా ఉంది.

"ఆమె మంచి మనిషి కాబట్టి ఆగింది. దానికి దేవుడెందుకు?"

ఆమె ఆ రెంటినీ విడదీసి చూడలేదు సార్ అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. విడదీసి చూడాల్సిన పని మనది, ఆమెది కాదన్నారు. అందులోనూ నిజముంది. వచ్చే ఆదివారం మళ్లీ రమ్మన్నారు.